మధ్య అక్షరం తెలిస్తే మాట దొరుకుతుందా?

సంచికకి "అందరికీ పనికొచ్చేది ఏదైనా" రాసిమ్మని యూనియన్ కార్యదర్శి అడిగాడు. నేను స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. నా సబ్జెక్టులో అందరికీ పనికొచ్చేవి చాలానే ఉన్నాయి గాని, రాస్తే చదివేవాళ్ళు ఉండరు. అందుకని సాహిత్య వారోత్సవాల్లో కొన్నేళ్ళుగా నేను నిర్వహిస్తున్న ఇంగ్లీషు పదనిర్మాణం పోటీ గురించి రాస్తున్నాను. మన కుర్రాళ్ళు దాన్ని 'వర్డ్ బిల్డింగు' అంటారు. బోర్డు మీద ఒక పెద్ద మాట రాస్తాం. అందులోని అక్షరాలతో పది నిమిషాల్లో ఎన్ని చిన్న మాటలు కట్టగలిగితే అన్ని మార్కులు.

ఈ పోటీకి పేర్లిచ్చినవాళ్ళ కాగితం చూస్తే నాకు ఏటా ఒకటే దిగులు. తెలుగు మీడియంలో చదివొచ్చినవాళ్ళు పేరివ్వరు. పోటీ రోజున వస్తారు, హాల్లో వెనక గోడకి ఆనుకుని నిలబడి చూస్తారు. ఎందుకు కూర్చోలేదంటే "మాకు ఇంగ్లీషు రాదు గదండీ" అంటారు. ఇంగ్లీషులో గడగడా మాట్లాడటం వేరు, ఇంగ్లీషు మాటల్లో అక్షరాలు ఎలా నడుస్తాయో తెలియడం వేరు. ఈ ఆటకి కావలసింది రెండోది. అది నేర్చుకుంటే వచ్చేదే, దానికి కాన్వెంటు చదువు అక్కర్లేదు. అదెలాగో చెప్పాలని నా ప్రయత్నం.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. నిఘంటువుకి ఒకటే గుమ్మం, అది మొదటి అక్షరం దగ్గరుంటుంది. మన ఇళ్ళల్లో ఉండే శంకరనారాయణ గారి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీసినా, ఆక్స్‌ఫర్డు తీసినా అంతే. 'నైఫ్' అర్థం చూడాలంటే అది 'కే' తో మొదలవుతుందని ముందే తెలిసి ఉండాలి. ఆటలేమో వేరే వైపునుంచి అడుగుతాయి. "ఆరక్షరాల మాట, చివరిది జే" అంటుంది క్రాస్‌వర్డు. స్క్రాబుల్ ఏడు బిళ్ళలు చేతిలో పెట్టి "వీటితో ఏం కడతావు?" అంటుంది. వర్డిల్ అని ఒకటుంది, జోష్ వార్డిల్ అనే ఆయన 2021లో అందరికీ అందుబాటులో పెట్టాడు, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. అది "ఈ అక్షరం ఉంది గాని నువ్వు పెట్టిన చోట లేదు, ఆ అక్షరం అసలే లేదు" అంటుంది. ఈ మూడింటిలో దేనికీ నిఘంటువు గుమ్మం తెరుచుకోదు.

ఇదంతా మనకి కొత్తేమీ కాదని తెలుగు శాఖవారు నవ్వుకుంటూ ఉండవచ్చు. నిజమే. అష్టావధానంలో న్యస్తాక్షరి ఉంది. ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఫలానా అక్షరం పడాలంటాడు పృచ్ఛకుడు. క్రాస్‌వర్డు గడి అడిగేదీ అదే. నిషిద్ధాక్షరిలో అడుగడుగునా ఒక అక్షరం వాడొద్దని అడ్డు తగులుతాడు. వ్యస్తాక్షరిలో ఒక వాక్యంలోని అక్షరాల్ని వరస తప్పించి ఒక్కొక్కటే అందిస్తే అవధాని చివర్లో వాటిని కూర్చి చెబుతాడు. పెదవులు కలిసే అక్షరాలు ఒక్కటీ రాకుండా మరింగంటి సింగరాచార్యులు ఏకంగా రామకథే రాశాడు. అటువైపు ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ అనే అమెరికన్ 1939లో 'ఈ' అక్షరం లేకుండా యాభైవేల మాటల నవల అచ్చువేశాడు. పిచ్చి అందరిదీ ఒకటే! తేడా ఎక్కడంటే, మన 'స్త్రీ' ఒక్క అక్షరమే అయినా అందులో మూడు హల్లులూ ఒక అచ్చూ అతుక్కుని ఉన్నాయి, ఊడదీయలేం. ఇంగ్లీషు అక్షరాలు విడివిడి బిళ్ళలు. ఎటు కావాలంటే అటు జరపవచ్చు. ఆట పుట్టింది అందుకే.

బిళ్ళలన్నాను గనక స్క్రాబుల్ సంగతి చెప్పాలి. దాన్ని కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అమెరికాలో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆర్కిటెక్టు. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్నప్పుడు ఈ ఆట మీద కూర్చున్నాడు. వార్తాపత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో ఓపిగ్గా లెక్కపెట్టాడు. (చూశారా, నా సబ్జెక్టు దొంగదారిన వచ్చేసింది.) ఆ లెక్కే నేటికీ నడుస్తోంది. మొత్తం 100 బిళ్ళలు. వాటిలో 'ఈ' 12, 'ఏ' 9, 'ఐ' 9, 'ఓ' 8. అదే 'జే', 'కే', 'క్యూ', 'ఎక్స్', 'జెడ్' అయితే ఒక్కొక్కటే. తరచుగా వచ్చే 'ఈ' కి ఒక్క మార్కు, దొరకని 'క్యూ' కీ 'జెడ్' కీ పదేసి. 'ఎస్' నిజానికి ఎక్కువగా వచ్చే అక్షరమే అయినా నాలుగే ఇచ్చాడు. ఎక్కువిస్తే ప్రతివాడూ బహువచనాలు చేసి కూర్చుంటాడని! ఆటకి స్క్రాబుల్ అనే పేరు 1948లో జేమ్స్ బ్రూనో చేతిలో పడ్డాక వచ్చింది. టెలిగ్రాఫు మోర్స్ కోడులో కూడా ఇదే కిటుకు. 'ఈ' కి ఒక్క చుక్క, 'టీ' కి ఒక్క గీత, అరుదైన 'క్యూ' కి నాలుగు గుర్తులు.

ఇక పోటీలోకి దిగుదాం. బోర్డు మీద 'యూనివర్సిటీ' అని రాశాననుకోండి. యూ-ఎన్-ఐ-వీ-ఈ-ఆర్-ఎస్-ఐ-టీ-వై, పది అక్షరాలు. చాలామంది చేసే పని ఆ మాట వంక అలాగే చూస్తూ కూర్చోవడం. అలా చూస్తే అది యూనివర్సిటీగానే కనిపిస్తుంది. మొట్టమొదట దాన్ని పగలగొట్టాలి. అచ్చులు ఒకవైపు, హల్లులు ఒకవైపు విడదీసి రాయండి. యూ, ఐ, ఐ, ఈ ఒకవైపు. 'వై' రెండు వైపులా పనికొస్తుంది గనక మధ్యలో. మిగిలిన ఎన్, వీ, ఆర్, ఎస్, టీ రెండోవైపు. 'ఐ' మాత్రమే రెండున్నాయి, తక్కినవన్నీ ఒక్కొక్కటే. ఇది మరిచిపోయినవాళ్ళు ఏటా 'యూనివర్స్' అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. దానికి రెండు 'ఈ'లు కావాలి.

తరవాత తోకలు చూడాలి. ఇంగ్లీషు మాటల తలలు వేలరకాలు గాని తోకలు కొన్నే. చివర 'వై' పెట్టి వెనక్కి నడవండి. ఎంట్రీ, ఎన్వీ, వెరీ, టైనీ, యూనిటీ, వెరిటీ వరసగా వస్తాయి. 'ఎంట్రీ' కి ముందు 'ఎస్' తగిలిస్తే 'సెంట్రీ' అయి కూర్చుంది, గేటు దగ్గర కాపలావాడు. 'యూనిట్' రాశారా, చివర 'ఈ' పెడితే 'యునైట్', 'ఎస్' కూడా పెడితే ఇంకోటి. 'యునైట్' లో మధ్యనున్న 'ఐ', 'టీ' స్థానాలు మారిస్తే 'అన్‌టై'. కలపడం కాస్తా విప్పడం అయిపోయింది! ఆర్, ఐ, ఎస్, ఈ, ఎన్ అనే అయిదింటినీ తిప్పి తిప్పి రాస్తే రిజన్, రిన్స్, సైరన్, రెజిన్ అని నాలుగు మాటలు. ఒక్క మాట దొరికితే ఆగకుండా దాన్నే పట్టుకుని పిండాలన్నమాట. వైరస్, విజిట్, వర్చ్యూ, ఇన్వెస్ట్, ఇన్సర్ట్ మీరే చూసుకోండి.

ఒక ఏడు ఈ మాటే ఇచ్చాను. రెండో సంవత్సరం బీఏ అమ్మాయి ఒకతె, పదో తరగతి దాకా జిల్లాపరిషత్తు హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివింది, స్నేహితురాలి బలవంతం మీద కూర్చుంది. ఐ-ఎన్-టీ-ఆర్-యూ-ఎస్-ఐ-వీ-ఈ, 'ఇంట్రూసివ్' అని రాసింది. లెక్క చూసుకోండి, పదింటిలో తొమ్మిది అక్షరాలు వాడేసింది. 'వై' ఒక్కటే మిగిలింది. అంత పెద్ద మాట ఆ గదిలో ఇంకెవరికీ తట్టలేదు. ఎలా తట్టిందమ్మా అంటే, "చివర ఐ-వీ-ఈ వస్తుందేమోనని పెట్టానండీ, మిగిలినవి ముందు సర్దాను, ఎక్కడో చూసినట్టనిపించింది" అంది. అర్థం ఏమిటని పక్కవాళ్ళు అడిగారు. తెలియదంది. అంతే, గొడవ మొదలైంది. అర్థం తెలియని మాటకి మార్కులెలా ఇస్తారని ముందు బెంచీ వాళ్ళు పట్టుబట్టారు.

ఆ వాదాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. భాష నేర్పే మాష్టరెవరైనా అలాగే అంటారు. కాని ఆట నియమంలో అర్థం మాట లేదు. నిఘంటువులో ఉందా లేదా అన్నదొక్కటే ఉంది. అంతర్జాతీయ పోటీల్లోనూ అంతే. న్యూజిలాండు వాడు నైజెల్ రిచర్డ్స్ సంగతి వినండి. ఇంగ్లీషు స్క్రాబుల్‌లో అప్పటికే మూడుసార్లు ప్రపంచ విజేత అయినవాడు 2015లో బెల్జియంలో జరిగిన ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచపోటీకి వెళ్ళి గెలిచాడు. ఆయనకి ఫ్రెంచి మాట్లాడటం రాదు. రెండు నెలల పైచిలుకు ఫ్రెంచి మాటల పట్టీ కంఠస్థం చేసి వెళ్ళాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు. ఇంగ్లీషు పోటీనే తీసుకుంటే, 2003లో పానుపోల్ సుజ్జయాకోర్న్, 2009లో పకోర్న్ నెమిత్రమన్‌సుక్ ప్రపంచ విజేతలయ్యారు. ఇద్దరూ థాయిలాండువాళ్ళు. ఇంట్లో వీథిలో ఇంగ్లీషు మాట్లాడే దేశం కాదది. 2015లో గెలిచిన వెల్లింగ్టన్ జిఘేరే నైజీరియావాడు.

మన తెలుగు మీడియం పిల్లలకి ఇందులో ఒక సౌకర్యం కూడా ఉందని నా అనుభవం. మనం ఇంగ్లీషు నేర్చుకున్నది చెవితో కాదు. "సీ ఏ టీ క్యాట్, క్యాట్ అంటే పిల్లి" అని అక్షరాలు ముందు, మాట తరవాత, అర్థం ఆ తరవాత పాడుకుంటూ నేర్చుకున్నాం. పలకని అక్షరం మరిచిపోకుండా 'వెడ్-నెస్-డే' అని మనసులో పలుక్కుని రాశాం. అలా పలికితే నవ్వేవాళ్ళు నవ్వారు. అయితే ఈ ఆటలో మాట ఎలా వినిపిస్తుందో ఎవరికీ పట్టదు. ఏ అక్షరాలున్నాయన్నదే లెక్క. బుర్రలో మాటని అక్షరాలుగా దాచుకున్నవాడికి అవి విడివిడిగానే దొరుకుతాయి.

ఆ అమ్మాయికి మార్కులిచ్చాను. 'ఇంట్రూసివ్' అంటే పిలవకుండా చొరబడేది అని సాయంత్రం లైబ్రరీలో తనే చూసుకుని వచ్చి చెప్పింది.

ఇంకో సౌకర్యముంది, దీన్ని మనవాళ్ళు బొత్తిగా పట్టించుకోరు. అసలు ఇంగ్లీషు మాటలకి కొన్ని అలవాట్లున్నాయి. 'జే' తో మాట ముగియదు. చివర ఆ శబ్దం కావలసివస్తే 'ఏజ్', 'ఎడ్జ్' లాగా జీ-ఈ పెట్టి సరిపెడతారు. 'వీ' తోనూ ముగియనివ్వరు. హావ్, గివ్, లవ్ అన్నింటి చివరా ఒక మూగ 'ఈ' ఉంటుంది. పూర్వం 'యూ', 'వీ' ఒకే అక్షరానికి రెండు రూపాలుగా ఉండేవి, చివర ఏది చదవాలో తికమక కాకుండా 'ఈ' ని కాపలా పెట్టారు. 'ఐ' తో గాని 'యూ' తో గాని ముగిసేవీ బహు తక్కువ. 'క్యూ' పక్కన 'యూ' లేకుండా ఉండదు.

ఈ నియమాలన్నీ తప్పించుకుని తిరిగేవి అరువు మాటలు. వాటిలో చాలా భాగం మనవైపునుంచి, అరబ్బీ పారశీకాల వైపునుంచి వెళ్ళినవే. ఇందాక అడిగిన "ఆరక్షరాలు, చివరిది జే" కి జవాబు 'స్వరాజ్'. మూడక్షరాలైతే రాజ్, తాజ్, హజ్. 'ఐ' తో ముగిసేవి కావాలా? శారీ, ధోతీ, ధోబీ, లాఠీ, రోటీ, యోగి, స్వామి, ఖాకీ. 'యూ' తో అయితే గురు, సాధు. 'క్యూ' చేతికొచ్చి 'యూ' లేక దిక్కులు చూస్తున్నప్పుడు ఫకీర్, ఖవ్వాలీ ఆదుకుంటాయి. పాతబస్తీలో రోజూ వినే మాటలివి! లండన్ ఆటగాడు వీటిని పట్టీ చూసి బట్టీ పడతాడు. మనకి పుట్టుకతో తెలుసు, అవి ఇంగ్లీషు నిఘంటువులోకి ఎక్కాయని మాత్రమే తెలియదు. అచ్చ తెలుగు మాట కూడా ఒకటి ఎక్కింది, 'బ్యాండికూట్'. మన పందికొక్కే. హాస్టల్ స్టోరు రూములో దానికి ఇంకా ఆంగ్లనామం అలవాటు కాలేదు.

ఇవన్నీ తలలో ఎలా పెట్టుకోవాలంటే, నిఘంటువుకి కొత్త గుమ్మాలు చెయ్యాలి. ఈ పని 1775లోనే ఒకడు చేశాడు. జాన్ వాకర్ అనే ఆయన ఇంగ్లీషు మాటల్ని చివరి అక్షరాల వరసలో పేర్చి నిఘంటువు వేశాడు. ప్రాసలు వెతుక్కునే కవులకి అదొక వరం. మన ఆటకి ఇంకా మంచి పద్ధతి ఉంది. మాటలోని అక్షరాల్ని అకారాది వరసలో సర్దటం. 'లిజన్' తీసుకోండి. దాని అక్షరాలు సర్దితే ఈ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టీ. 'సైలెంట్' సర్దినా అదే వస్తుంది. 'ఎన్‌లిస్ట్', 'టిన్సెల్', 'ఇన్‌లెట్స్' కూడా అంతే. కనక ఒక అట్టకార్డు మీద పైన ఆ సర్దిన వరస, కింద అయిదు మాటలు రాసి పెట్టుకుంటే, ఆటలో ఆ ఆరు బిళ్ళలు ఏ వరసలో వచ్చినా సర్దుకోగానే కార్డు గుర్తొస్తుంది. వెతకటం పోయి గుర్తుపట్టటం మిగులుతుంది.

నాలుగేళ్ళ కిందట హాస్టల్ పిల్లలతో కలిసి ఇలాంటి కార్డులు ఒక చెప్పుల అట్టపెట్టె నిండా రాశాం. అందులో నాకు ముద్దొచ్చేది 'రెటీనా' కార్డు. అంటే కంటి లోపలి పొర. ఆ ఆరక్షరాలకి ఏడోది ఏది కలిపినా దాదాపు ఒక మాట పుడుతుంది. 'సీ' కలిపితే సర్టెన్. 'డీ' కలిపితే ట్రెయిన్డ్. 'జీ' అయితే గ్రానైట్. 'కే' అయితే మన గోళ్ళలో జుట్టులో ఉండే కెరటిన్. 'ఎల్' కి రిలయంట్, 'పీ' కి పెయింటర్, 'ఆర్' కి ట్రెయినర్, 'టీ' కి కెమిస్ట్రీ వాళ్ళ నైట్రేట్. 'ఐ' కలిపితే ఫిజిక్స్ వాళ్ళ ఇనర్షియా. 'ఎమ్' కలిపితే మినరెట్, చార్మినార్‌కి నాలుగున్నాయే, అవి. ఆఖరికి 'జే' కి కూడా దొరికింది. ఎన్-ఏ-ఆర్-టీ-జే-ఐ-ఈ అని దక్షిణాఫ్రికాలో ఒక రకం కమలాపండు! స్క్రాబుల్‌లో ఏడు బిళ్ళలూ ఒకేసారి దించితే మామూలు మార్కుల పైన 50 అదనం. అందుకే పెద్ద ఆటగాళ్ళు ఇలాంటి ఆరక్షరాల మీద ప్రాణం పెడతారు.

ఇప్పుడు ఫోనులో అక్షరాలు కొడితే మాటలన్నీ కురుస్తాయి గదా, అట్టపెట్టె ఎందుకని కంప్యూటర్ సైన్సు కుర్రాళ్ళు అడుగుతారు. యంత్రం చేసేది కూడా ఇదే. అక్షరాలు సర్ది, సర్దినవి ఒకటైతే ఒక గుంపులో వేస్తుంది. క్రాస్‌వర్డు రకం ప్రశ్నకైతే 1973 నాటి యూనిక్స్ యంత్రాల్లోనే 'గ్రెప్' అనే ఆజ్ఞ ఉంది. తెలిసిన అక్షరం తెలిసిన చోట రాసి, తెలియని చోట చుక్కలు పెడితే సరిపోయే మాటల్ని ఏరి ఇస్తుంది. వాడుకోండి, తప్పులేదు. ఆట అయ్యాక వాడండి. చేతిలో ఆ బిళ్ళలతో ఏమేం కట్టి ఉండవచ్చో అప్పుడు చూస్తే బుర్రకెక్కుతుంది. ఆట మధ్యలో చూస్తే ఆ మాట మరునాటికి ఉండదు. ఇది నా చాదస్తమే అనుకోండి.

పోటీలో తగవులు వచ్చేది ఒక్కచోటే, ఏ నిఘంటువు ప్రమాణమని. మన ఫకీరునే నాలుగు స్పెల్లింగులతో రాయనిచ్చే నిఘంటువులున్నాయి. 'క్యూఐ', 'జెడ్ఏ' అనే రెండక్షరాల మాటల్ని అమెరికా పట్టీ 2006లో గాని ఒప్పుకోలేదు. మొదటిది చైనావారి ప్రాణశక్తి, రెండోది పిజ్జాకి ముద్దుపేరు. అందుకని ఈ ఏడు నియమాల కాగితం మీద మొదటి వాక్యంగా నిఘంటువు పేరు వేయిస్తున్నాను. ఆ పుస్తకం బల్ల మీదే ఉంటుంది, ఎవరైనా తీసి చూడవచ్చు. రెండో వాక్యం, అర్థం అడగబడదు.

అట్టపెట్టె హాస్టల్ రీడింగు రూములో బీరువా మీద ఉంది. 'రెటీనా' కార్డులో ఇంకా కొన్ని అక్షరాల ఎదుట ఖాళీలున్నాయి. దొరికినవాళ్ళు పెన్సిలుతో రాయండి, పెన్నుతో వద్దు.